ఉప్పు ఋణము

ఉప్పు తిన్న యింటికి ద్రోహము చేయరాదని మన పెద్దలు చెప్పుదురు. ఈ మాట సేవకునికే చెప్పబడును గాని యజమానునికి చెప్పగా నే నెన్నడును వినలేదు. సేవకుడు వండిపెట్టిన యుప్పును యజమానుడును తినుచునే యున్నాడు గదా! నీరు తోడినవా డెవడు? కట్టె కొట్టినవా డెవడు? పసిబిడ్డ నెత్తుకొని జోకొట్టిన దెవతె? రోగి మంచముకడ రాత్రియెల్ల మేలుకొన్న దెవతె? వీరి ఋణము యజమానుని మీద లేదా? ఉన్నచో నది యే పద్దులో వ్రాయబడి యున్నది? ఇట్లడిగినపుడు సామాన్యముగా వచ్చు సమాధాన మొక్కటియే: ‘మేము వానిని పనివానిగా చూడలేదండీ, ఇంటివానిగానే చూచుకొంటిమి.’ ఈ సమాధానము నిజముగా సమాధానమేనా యని విచారించుటయే నా యుద్దేశము.

ఈ విచారణకు రాజుల మేడలకంటె మన్యపు కొండలే తగిన చోటని నాకు దోచుచున్నది. అరకులోయ నేడు 2022వ సంవత్సరమున నేర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది. యాత్రికులు రైలులో సొరంగములు దాటుకొని వచ్చి, వలిసెపూల పసుపును చూచి, కాఫీ త్రాగి, ధింసా నాట్యమును కనులార చూచి మరలిపోవుదురు. ఆ చుట్టుపట్ల కొండసీమలో పెద్దభాగ మొకప్పుడు జయపుర సంస్థానపు టేలుబడిలో నుండెను. 1936లో ఒరిస్సా రాష్ట్రము వేరుపడినపుడు జయపుర మావలికి పోయెను, అరకు ఈవలనే నిలిచెను. గీత గీచినది కాగితము మీద. కొండకు అటును ఇటును నున్న మనుష్యుల బ్రతుకు మాత్ర మొక్కటియే. ఆ కొండలలో చోళ్లు పండును, సామలు పండును, పసుపు పండును. ఉప్పు మాత్రము పండదు. రైలును బాటలును లేనినాడు సముద్రతీరపు టుప్పు లంబాడీల యెద్దుల వీపులమీద సాలూరు మొదలగు చోట్ల కనుమ లెక్కి పైకి పోయెడిది. సంతకు దిగిన కొండవాడు చింతపండో వలిసెలో కొలిచి యిచ్చి ఉప్పు కట్టుకొని పోయెడివాడు. కావున ఉప్పు ఋణ మనునది అక్కడ ఉపమానము కాదు.

ఆ ఋణము మనిషినే మ్రింగినపుడు పుట్టిన దాస్యమునకు గోతి యని పేరు. అప్పు తీరువరకు అప్పిచ్చినవాని యింట పనిచేయుటకు ఒడబడిన మనుష్యుడు గోతి; ఆ యేర్పాటునకును అదే పేరు. మైదానపు విశాఖ పల్లెలలో కంబారి యనియు, ఇతరచోట్ల పాలేరనియు పిలువబడు జీతగానికిని వీనికిని భేదము కలదు. కంబారికి ఏడు గడచినపుడు లెక్క ముగియును. మరుసటియేడు వేరొక కామందునొద్ద చేరినను చేరవచ్చును. గోతికి ఏడు ముగియును గాని లెక్క ముగియదు.

అప్పు పుట్టుట కెంతసేపు? పెండ్లికి ఓలి యిచ్చుకొనవలెను. చచ్చినవారికి దినము చేసి ఊరికి విందు పెట్టవలెను. అడవిలో చెట్టు నరికినందులకు జరిమానా కట్టవలెను. ఒకడు ఓలికై నలువది రూపాయలు తెచ్చుకొన్నా డనుకొందము. 1917లో మదరాసు ప్రభుత్వము ఏజెన్సీ ప్రాంతముల కొక చట్టము చేసి, కొండజాతివారి యప్పుమీద నూటికి ఇరువదినాలుగు మించి వడ్డీ చెల్లదని విధించెను. ఆ ధర్మవడ్డీయే లెక్కవేయుదము. ఏటికి తొమ్మిది రూపాయలపైన తొమ్మిదణాలు. వాని సంవత్సరపు చాకిరికి షావుకారు అయిదు రూపాయలు జమకట్టె ననుకొందము. వాడు ఏడాది పొడుగున అరక దున్ని, పసువుల మేపి, పేడ యెత్తి, నీరు మోసిన తరువాత వాని యప్పు నాలుగున్నర రూపాయలకు పైగా పెరిగినదన్నమాట! ఇంక నడుమ తీసికొన్న గోచిగుడ్డ, పిడికెడుప్పు, జ్వరము వచ్చి పడుకొన్న దినములు విడిగా వ్రాయబడును. వ్రాయువా డొకడు, వ్రాతనెరుగక వ్రేలిముద్ర వేయువా డొకడు. పైగా చట్టపు వడ్డీతో తృప్తిపడిన షావుకార్లెందరు? తిండిగింజలకు సగము, విత్తనములకు రెట్టింపు పుచ్చుకొనుట ఆ సీమలో పలుచోట్ల వాడుక. తండ్రి చచ్చినచో కొడుకు వచ్చి ఆ కాడి క్రింద మెడ పెట్టును. గోపీనాథ మహంతి 1945లో ఒడియా భాషలో వ్రాసిన ‘పరజా’ యను నవల యీ కథయే. అందు సుక్రుజాని యను కొండరైతు అడవి జరిమానా కట్టుటకు అప్పుచేసి, తానును కొడుకును గోతులై, తుదకు భూమిని కూడ పోగొట్టుకొనును. ఆ నవలను చదివినవారికి నేను చెప్పిన లెక్క యక్కరలేదు.

యజమానులందరును మైదానమునుండి వచ్చిన షావుకార్లే యనుకొనుట పొరపాటు. కొండవారిలోనే కలిగినవారును గోతులను పెట్టుకొనిరి. అట్టి యిండ్లలో గోతియు యజమానుడును ఒక కుండలోని యంబలినే త్రావిరి. ఒక నెగడి చుట్టునే చలి కాచుకొనిరి. పండుగనాడు ఒక వరుసలోనే చేతులు పట్టుకొని ఆడిరి. పట్టణపు గృహస్థుడు తన పనివానిని ఏనా డట్లు చేర్చుకొన్నాడు? ఇచ్చటనే మన ప్రశ్నకు పదును వచ్చుచున్నది. ఒక కుండ తిండియు ఒక నెగడి వెచ్చదనమును ఉన్నపుడు, దానిని దాస్య మనవలెనా, కుటుంబ మనవలెనా?

దీనికి బదులు చెప్పుటకు ముందు కొండలు వదలి పెద్ద యిండ్ల వైపు ఒకసారి చూడవలెను. మన సంస్థానములలోను, తెలంగాణపు దొరల గడీలలోను పెండ్లికూతురుతో పాటు ఆడబాపను పంపుట యొక మర్యాదగా నుండెను. సారెలో చీరలు, నగలు, గిన్నెలు, వానితోపాటు ఒక పడుచుపిల్ల. ఆమె దొరసాని తల దువ్వును, కాళ్లు పిసుకును, బిడ్డల పెంచును. తనకు పెండ్లి లేదు. బిడ్డలు పుట్టినచో వారికి తండ్రి పేరు లేదు. అయినను ఆ యింట నామెను ‘మా ఆడబాప’ యని యెంతో చనువుగా పిలిచెడివారు! 1921లో హైదరాబాదున వెలసిన ఆంధ్ర జనసంఘమువారు వెట్టికి విరోధముగా ప్రచారము సాగించిరి. గడీల మీదికి ప్రజలు తిరుగబడిన 1946 నాటి పోరాటములోను వెట్టియే మొదటి మాట. మన్యములోను వెట్టి కొదవలేదు. దొరతనపువారి డోలీలు మోయుట, మూటలు మోయుట, కూలి సరిగా ముట్టకయే కనుమబాటలు త్రవ్వుట, ఇవి 1922 ఆగస్టులో సీతారామరాజు చింతపల్లి ఠాణాపై పడుటకు కారణములైన బాధలలోనివి. కాని వెట్టిని గూర్చి నాకు విచారింపవలసిన సందేహ మేమియు లేదు. అది నగ్నమైన యన్యాయము. ప్రేమతో కలిసిన యన్యాయమే కష్టమైన విషయము.

అట్టి ప్రేమకు లోకములో మంచి దృష్టాంతము వెదకగా నాకు వేల్సు దేశమున రెక్సం పట్టణమునకు చేరువ నున్న ఎర్డిగ్ అను మేడ దొరకినది. యార్కు వంశపువారు రెండుశతాబ్దములకు పైగా దానిలో కాపురముండిరి. ఇతర ప్రభువులు తమ తాతల చిత్తరువులను, గుఱ్ఱముల చిత్తరువులను వ్రాయించుకొనుచుండగా, వీరు 1790 ప్రాంతములనుండి తమ పనివారి చిత్తరువులను వ్రాయించిరి. గదులు తుడుచు ముసలిది, వడ్రంగి, వేటకాపరి, వీరందరును నూనెరంగులలో నిలిచిరి. ప్రతివారిమీదను యజమానుడు స్వయముగా పద్యములల్లి ఆ పటముపై వ్రాయించెను. తరువాతి తరములవారును ఈ యాచారమును విడువక, 1852 నుండి ఛాయాచిత్రములు తీయించిరి. 1973లో కడపటి యార్కు ఆ మేడను జాతీయ న్యాసమునకు అప్పగించెను. 1977లో ప్రజలకు తెరచినపుడు దర్శకులకు పనివారి వైపునుండియే ప్రవేశ మేర్పరచిరి. 1911 నాటికి ఇంగ్లండు, వేల్సులలో పదిలక్షలకు మించిన స్త్రీలు ఇండ్లలో చాకిరి చేయుచుండిరి. వారిలో పేరైన మిగిలినవా రెందరు? కావున యార్కు వంశము మెచ్చదగినదే. నేను వెక్కిరించుటకు దీని నెత్తుకొనలేదు.

అయినను ఆ పటములను మరికొంత నిదానించి చూడవలెను. అవి వ్రేలాడినది పనివారి భోజనశాలలో. దొరల విందుగదిలో కాదు. పద్యములు వ్రాసినది యజమానుడు. పనివా రెవరును యజమానుని మీద పద్యము వ్రాసి పటము క్రింద తగిలింపలేదు. అందొక నల్లని బాలుని చిత్తరువు కలదు. చేత బాకా పట్టుకొని యుండును. వాని పేరు ఎవరికిని నిశ్చయముగా తెలియదు. పద్యము మాత్రము కలదు, వాని కాలము గడచిన చాలయేండ్లకు ఊహించి వ్రాసినది. ఇంక 1907లో ఏమి జరిగినదో చూడుడు. వంటకత్తెగాను ఇల్లు నడుపుదానిగాను ఉన్న యామెపై అయిదువందల పౌనులు అపహరించినదని అభియోగము తెచ్చి న్యాయస్థానమున కెక్కించిరి. విచారణలో నామె నిర్దోషియని తీర్పు వచ్చెను. ఇంటిమనిషియే యైనచో నామె యొద్ద లెక్క తప్పినపుడు ఇంటిలో కూర్చుండి అడిగియుందురు. డబ్బు తక్కువపడిన దినమున ఆ కుటుంబ మనుమాట ఎంత పలుచనిదో తెలిసిపోయినది. లోకములోని యజమానులలో నుత్తములనదగినవారి సంగతియే యిది.

ఇక్కడ నొక యాక్షేపము రాగలదు, అది కొట్టివేయదగినది కాదు. ‘అయ్యా, మీరు చెప్పు న్యాయమంతయు జీతపు న్యాయము. నెలకు జీతము, వారమున కొకదినము సెలవు, అంతటితో సంబంధము సరి. పూర్వపు దాది బిడ్డను తన బిడ్డగా ప్రేమించినది. ఆ బిడ్డ పెరిగి ఆమె చచ్చినపుడు కంట తడిపెట్టినాడు. ఆ ప్రేమ యబద్ధమా? మీ లెక్కలతో దానిని చంపివేయుదురా?’ అది యబద్ధము కాదు. దాది ప్రేమ నిజము, బిడ్డ కన్నీరు నిజము. గోతి తన యజమానుని కొడుకు పెండ్లిలో ఆడినపుడు వాని సంతోషమును నిజమే. కాని నే నడుగునది వేరు. ఆ దాదికి వెళ్లిపోవు దారి యున్నదా? లేనిచో, ఆమె ప్రేమలో తనంత తా నిచ్చిన దెంత, గత్యంతరము లేక యిచ్చిన దెంతయో ఆమెకైనను తెలియు టెట్లు? తలుపునకు బయట గడియ వేసి, లోపలివారు మనలను విడిచి పోవుట లేదని మురియుట వంటిది యది. దాస్యము పనివాని శరీరమునే కాదు, యజమానుడు తన గొప్పయాస్తిగా చెప్పుకొను ఆ ప్రేమను గూడ సందేహాస్పదము చేయుచున్నది. జీతమును సెలవును ఇచ్చినందువలన ప్రేమ చావదు. అది ప్రేమయో కాదో తెలిసికొను వీలు అప్పుడే కలుగును.

మరియొకటి. ఇంటివా డనుమాటకు మన భాషలో అర్థమేమి? ఇంటివాడు అలుగును. కూర బాగులేదని కంచము త్రోయును. తనకు నచ్చిన పిల్లను పెండ్లాడెద నని తండ్రితో పోరాడును. వాటా అడుగును. జబ్బు చేసినచో పనిమాని పడుకొనును, ఎవరును దానిని అప్పుక్రింద వ్రాయరు. వీనిలో నొక్కటియు చేయ వీలులేనివానిని ఇంటివా డనుట, కుటుంబములోని బాధ్యతలన్నియు వానికి నిలిపి హక్కులన్నియు మనము తీసికొనుటయే. చనువు కూడ ఒకవైపుననే నడచును: ముసలి పాలేరును చిన్నదొర ‘ఒరే’ యనును, ముసలి పాలేరు ఆ బాలుని ‘బాబూ’ యనును.

గోతి యెందులకు పారిపోడని కొందరు ఆశ్చర్యపడుదురు. కాలికి సంకెల లేదు, చుట్టును అడవి, రాత్రి చీకటి. నా యూహలో వానిని పట్టియుంచినది ప్రధానముగా భయము కాదు, ధర్మము. తిన్నది తీర్చవలెనని వాని తండ్రి చెప్పెను, ఊరు చెప్పెను. షావుకారునకు దొరకిన గొప్ప తాకట్టు ఆ కొండవాని సత్యసంధతయే! మన నాటకములు చూడుడు. హరిశ్చంద్రుడు ఋణము తీర్చుటకై కాశీవీథిలో ఆలిని బిడ్డను అమ్మెను, తన్ను తా నమ్ముకొనెను. తెల్లవార్లు కూర్చుండి ఆ నాటకమును చూచి కంటనీరు పెట్టుకొనని తెలుగువాడు లేడు. కాని ఆ కన్నీరంతయు అమ్మినవాని సత్యమునకే. లోహితాస్యుని కొనవచ్చునా యని కాలకౌశికు నడిగిన ప్రేక్షకు డెవడు? మాట తప్పరాదు, నిజమే. అప్పు తీర్చవలెను, నిజమే. ఐనను తీర్చుటకు వీలులేని విధముగా కట్టబడిన యప్పు అప్పేనా? తన బ్రతుకుపై తనకు మరల మాట లేకుండ ఇచ్చిన మాట మాటయేనా? జాన్ స్టూఅర్ట్ మిల్లు 1859లో ఈ చిక్కునే విప్పుచు, తన్ను తాను దాసునిగా అమ్ముకొనువాడు ఆ యొక్క క్రియతో తన స్వాతంత్ర్యమును దాని ప్రయోజనముతో సహా రద్దు చేసికొనుచున్నాడు గావున అట్టి యొడంబడిక చెల్లదని వాదించెను. గోతి విషయమున నింకను సులభము. తాత యిచ్చిన మాటకు మనుమడు సంతకము చేయలేదు గదా.

పాశ్చాత్యు లెవరో చెప్పువరకు మనకు తెలియదని యెవరును అనుకొనవలదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున దాసులను గూర్చి ప్రత్యేకముగా విధులు చెప్పెను. తాకట్టుబడిన మనుష్యునికి ఆహితకు డని పేరు పెట్టి, అట్టివానిచేత శవము మోయించినను, మలమూత్రములు ఎంగిలి యెత్తించినను, కొట్టినను, యజమానుని సొమ్ము మునిగిపోవు నని శాసించెను. బుద్ధుడు సిగాలునకు చేసిన గృహస్థోపదేశములో యజమానుని విధు లైదు కలవు: శక్తికొలది పని, అన్నము వేతనము, జబ్బులో శుశ్రూష, మంచి తినుబండారములలో పాలు, వేళకు విశ్రాంతి. ‘ఇంటివానిగా చూడు’ మని యందులో లేదు. ఆయన అన్నమును వేతనమును రెంటిని చెప్పెను. ఒకటి పెట్టి రెండవదానిని ఎగవేయు మర్యాద తరువాత మనము నేర్చినది.

చట్టములు రాలేదా యన్న, వచ్చినవి. 1843లో దాస్యమును న్యాయస్థానములు గుర్తింపరాదని చట్టము. 1940లో మదరాసు ఏజెన్సీ ప్రాంతములలో ఋణదాస్యమును మాన్పుటకు నిబంధన; కొండ కావలివైపున ఒరిస్సాలో అట్టిదే 1948లో. 1950 నాటి రాజ్యాంగములో 23వ అధికరణము. 1976లో దేశమంతటికి వెట్టిదాస్య నిర్మూలన చట్టము. దానితో అట్టి యప్పులన్నియు రద్దు. ఒక చెట్టును ఇన్నిసార్లు నరుకవలసి వచ్చినదనగా వేరు ఎక్కడో మిగిలినదనియే గదా యర్థము. ఆ వేరు చట్టపు పుస్తకములో లేదు, మన యిండ్లలో నున్నది.

నేడు గోతి యనుమాట అరకు సంతలో పడుచువాండ్లకు తెలియకపోవచ్చును. కాని మన్యపు పల్లెలనుండి ఆడుపిల్లలను ‘చదివించెదము, మా పిల్లతో పాటు పెరుగును’ అని పట్టణములకు తీసికొనిపోవుట తెలియనివారు లేరు. పదునాలుగేండ్లు నిండని బిడ్డచేత ఇంటిచాకిరి చేయించుట 2006 అక్టోబరునుండియే నిషిద్ధము. నాకు తెలిసిన యొక గృహిణి చాల దయగలది. పండుగకు పనిపిల్లకు పట్టుపరికిణీ కుట్టించును, జ్వరము వచ్చినచో స్వయముగా మాత్ర వేయును. ఆ పిల్ల త్రాగు గ్లాసు మాత్రము వంటింటి కిటికీలో వేరుగా బోర్లించి యుండును. జీత మెంత యని యడిగితిని. ‘జీతమేమిటండీ, మా పిల్లయే కదా! పెండ్లి మేమే చేయుదుము’ అనెను. ఆమె మాటలో కపటము లేదు. ఎర్డిగ్ ప్రభువు పద్యములోను కపటము లేదు. ఇంటిపనివారి హక్కులకై 2011లో జెనీవాలో సర్వదేశ కార్మిక సంస్థవారు ఒడంబడిక చేసిరి. 2025 జనవరిలో మన సుప్రీముకోర్టును ఇంటిపనివారికి ప్రత్యేకచట్టము చేయుటను గూర్చి ఆలోచింపుడని కేంద్రప్రభుత్వమునకు చెప్పెను. ఆ గృహిణికి వీనితో పని యున్నదని తోచలేదు. ఇల్లు కర్మాగారము కాదని యామె యభిప్రాయము.

1976 నాటి చట్టములో నాకు మిక్కిలి నచ్చిన సెక్షను 15వది. అప్పు వెట్టిదాస్యపు టప్పేనని పనివాడు చెప్పినచో, కాదని నిరూపించు భారము అప్పిచ్చినవాని మీదనే యుండునని యది చెప్పుచున్నది. సాక్ష్యములేనివానిని సాక్ష్యము తెమ్మనుట అన్యాయమని ఆ చట్టము వ్రాసినవారు ఎరిగిరి. ‘ఇంటిమనిషి’ యనుమాటకును ఈ సెక్షనునే వర్తింపజేసి చూడవచ్చును. ఆ పిల్లను పిలిచి ‘నీవు మా యింటిపిల్లవేనా?’ యని యడుగుటవలన ప్రయోజనము లేదు, ఔననియే చెప్పును. యజమానురాలినే అడుగవలెను: పోయిన యేడు ఆ పిల్ల ఎన్ని దినములు పడుకొన్నది, పనికి రానని యెన్నిసారు లన్నది, అమ్మను చూచుటకు అరకు ఎప్పుడు పోయినది, బస్సుకు డబ్బు ఎవరి చేతిలో నుండెను?